కొత్తగా వచ్చిన దిగులు: మతిమరుపుకు కారణమా, కబురా?

మీరు రాసింది క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుని మొదలుపెడతాను. అమ్మగారికి 68 ఏళ్ళు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశారు. నాన్నగారు పోయి ఏడాదిన్నర అయింది. ఆవిడ కాకినాడలో ఒక్కరే ఉంటున్నారు, మీరు డల్లాస్‌లో ఉన్నారు. ఆరేడు నెలలుగా ఫోనులో పొడిపొడిగా మాట్లాడుతున్నారు. రెండుసార్లు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయారు. "నాకేదీ గుర్తుండడం లేదురా, నా పని అయిపోయింది" అంటున్నారు. అక్కడి డాక్టరు ఒకరు ఐదు నిమిషాలు చూసి, వయసు మీద పడింది కదా, మతిమరుపు జబ్బు మొదలైందని చెప్పి నిద్రమాత్రలు రాశారు. ఆ రాత్రి మీరు ఇంటర్నెట్‌లో వెతికితే, డిప్రెషన్ (కుంగుబాటు) ఉన్న వృద్ధులకు డిమెన్షియా (ఆ మతిమరుపు జబ్బే) వచ్చే ముప్పు రెట్టింపు అని కనబడింది. అమ్మది దిగులా, డిమెన్షియానా? దిగులే అయితే అది డిమెన్షియాగా మారుతుందా? మందులు వాడితే మెదడు ఇంకా మొద్దుబారదా? అమెరికా తీసుకువెళ్ళిపోవడం మంచిదా? ఇవీ మీ ప్రశ్నలు.

ముప్పై ఏళ్ళుగా వృద్ధులకే మనోవైద్యం చేస్తున్నాను. చూడని మనిషి జబ్బుకు పేరు పెట్టను. అయితే అమ్మగారు నా ఎదురుగా కూర్చుంటే ఏ వరుసలో ఆలోచిస్తానో, ఏం అడుగుతానో చెప్పగలను.

ముందు ఆ "రెట్టింపు" సంగతి చూద్దాం. అంకె అబద్ధం కాదు. 2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన ఒక సమీక్ష 23 అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. పెద్ద వయసులో కుంగుబాటు ఉన్నవారికి డిమెన్షియా వచ్చే ముప్పు మొత్తం మీద 1.85 రెట్లు ఉందని తేలింది. డిమెన్షియాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే అల్జీమర్స్‌కు అది 1.65 రెట్లు, మెదడులోని రక్తనాళాలు దెబ్బతిని వచ్చే డిమెన్షియాకు 2.52 రెట్లు. కాని రెట్లు అనేవి వడ్డీ రేటు లాంటివి. అసలు ఎంతో తెలియకుండా వడ్డీ చూసి బెంబేలెత్తకూడదని లెక్కల టీచరు కొడుకుకు నేను చెప్పాలా? అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 949 మంది వృద్ధులను 17 ఏళ్ళ దాకా గమనించారు. మొదట్లో కుంగుబాటు లక్షణాలు ఉన్నవారిలో నూటికి సుమారు 22 మందికి, లేనివారిలో నూటికి సుమారు 17 మందికి డిమెన్షియా వచ్చింది. తేడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. కాని ఆ కాలంలో కుంగుబాటు ఉన్నవారిలోనూ ఎక్కువ మందికి డిమెన్షియా రాలేదని కూడా ఆ లెక్కే చెబుతోంది. పైగా అధ్యయనం మొదలైన నాటికే వాళ్ళ సగటు వయసు 79. అమ్మగారికి ఇంకా 70 నిండలేదు.

అంకెల కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది. నా గదిలోకి కొత్త రోగి రాగానే కుటుంబాన్ని అడిగే మొదటి ప్రశ్న అదే. ఈ దిగులు మొదటిసారి ఎప్పుడు వచ్చింది?

పాతికేళ్ళప్పుడో, కాన్పు తరవాతో, నలభైలలోనో ఒకసారి కుంగిపోయి కోలుకున్న మనిషి కథ వేరు. జీవితమంతా నలుగురిలో నవ్వుతూ తిరిగి, అరవై దాటాక ఏ పూర్వ చరిత్రా లేకుండా ఒక్కసారిగా డీలాపడిన మనిషి కథ వేరు. మొదటి మనిషిలో దిగులు ఏళ్ళ తరబడి మెదడు మీద భారం మోపే కారణం అయి ఉండవచ్చు. రెండో మనిషిలో దిగులు కారణం కాకపోవచ్చు, లోపల ఇప్పటికే మొదలైన జబ్బు ముందుగా పంపిన కబురు కావచ్చు. అల్జీమర్స్ ఉన్న మెదడులో, పేర్లు మరిచిపోవడానికి ఏళ్ళ ముందే మార్పులు మొదలవుతాయి. జ్ఞాపకం తడబడక ముందే ఉత్సాహం తగ్గడం, చిరాకు, నిద్ర చెడిపోవడం కనిపించవచ్చు.

ఈ మాట ఊహగా చెప్పడం లేదు. లండన్‌లోని ప్రభుత్వోద్యోగులు పదివేల మందికి పైగా పాల్గొన్న వైట్‌హాల్ అధ్యయనం 1985లో మొదలైంది. 28 ఏళ్ళలో పదేపదే వాళ్ళ మానసిక స్థితిని కొలిచారు. 2017లో వచ్చిన ఫలితం మా రంగంలో చాలామందిని ఆలోచనలో పడేసింది. మధ్యవయసులో కుంగుబాటు లక్షణాలు ఉన్నవారికి తరవాత డిమెన్షియా ఎక్కువగా రాలేదు. డిమెన్షియా వచ్చినవారి పాత రికార్డులు వెనక్కి తిప్పి చూస్తే, జబ్బు బయటపడడానికి సుమారు 11 ఏళ్ళ ముందు నుంచి వాళ్ళలో దిగులు లక్షణాలు మిగతావారికన్నా పెరుగుతూ వచ్చాయి. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 55 దాటిన 3,325 మందిని గమనించిన అధ్యయనం 2016లో ఇంకో కోణం చూపించింది. ఒకసారి దిగులు వచ్చి తగ్గిపోయినవారికి ముప్పు పెరగలేదు. ఎక్కువ స్థాయిలో ఉన్నా అక్కడే నిలకడగా ఉన్నవారికీ పెరిగినట్టు తేలలేదు. ఏడాదికేడాది దిగులు పెరుగుతూ పోయినవారికే డిమెన్షియా ముప్పు ఎక్కువగా కనబడింది.

అంటే దిగులు ఎంత ఉందన్నదానికన్నా అది ఎటు నడుస్తోందన్నది ముఖ్యం. ఒక్కరోజు పరీక్షతో ఇది తేలదు, మళ్ళీ మళ్ళీ చూడాలి.

అలాగని మధ్యవయసు దిగులు నిర్దోషి అని తీర్పు చెప్పడానికీ లేదు. స్వీడన్‌లో 50 దాటి కుంగుబాటు నిర్ధారణ అయిన లక్షా పంతొమ్మిది వేల మందికి పైగా రికార్డులను 2020లో పరిశీలించారు. నిర్ధారణ అయిన మొదటి ఆరు నెలల్లో డిమెన్షియా బయటపడే అవకాశం కుంగుబాటు లేనివారికన్నా పదిహేను రెట్లకు పైగా ఉంది. ఆ తరవాత ఆ తేడా వేగంగా తగ్గిపోయింది, కాని ఇరవై ఏళ్ళు దాటినా పూర్తిగా సున్నా కాలేదు. ఆ పదిహేను రెట్లను నేను ఇలా చదువుతాను: వాళ్ళలో చాలామందికి డాక్టరు "డిప్రెషన్" అని రాసిన రోజునే డిమెన్షియా లోపల ఉంది, ఎవరూ వెతకలేదు. చివర మిగిలిన ఆ కొంచెం మాత్రం దిగులు తానుగా చేసిన హాని కావచ్చు. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం కూడా 2024 నివేదికలో, మనం మార్చగలిగిన 14 ముప్పుల్లో కుంగుబాటును ఉంచింది. ఆ పద్నాలుగూ కలిపి డిమెన్షియాల్లో 45 శాతానికి బాధ్యత వహిస్తే, అందులో కుంగుబాటు వాటా 3 శాతం. వినికిడి లోపం వాటా 7 శాతం. చెవి సంగతి మళ్ళీ చెబుతాను.

దిగులు మెదడును ఎలా దెబ్బతీస్తుందన్నదాని మీద చాలా సిద్ధాంతాలున్నాయి. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం నలుగుతుందని ఒకటి. బీపీ, షుగరు వల్ల మెదడు లోతుల్లోని సన్నటి రక్తనాళాలు పూడుకుపోయి, ఆ దెబ్బ నుంచే దిగులూ మతిమరుపూ రెండూ పుడతాయని ఇంకొకటి. నాకు రెండోదాని మీద గురి ఎక్కువ. మన ఊళ్ళలో పదిహేనేళ్ళు బీపీ మాత్ర మానుతూ వేసుకుంటూ గడిపిన పెద్దవాళ్ళను చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది. మూడో దారి మరీ మామూలుది. దిగులు పడ్డ మనిషి నడవడు, నలుగురితో మాట్లాడడు, సరిగ్గా తినడు, మందులు మరిచిపోతాడు.

ఇప్పుడు అమ్మగారి దగ్గరికి వద్దాం. భర్త పోయిన ఏడాదిన్నరకు ఒక స్త్రీ దిగులుగా ఉంటే అందులో వింత ఏముంది అని అందరూ అంటారు. సంవత్సరీకం దాకా ఇల్లంతా జనం, కర్మలు, రాకపోకలు. ఆ తరవాతే అసలు నిశ్శబ్దం మొదలవుతుంది. మీ లెక్క ప్రకారం అమ్మగారు మారింది సంవత్సరీకం అయ్యాకే. దుఃఖం అలలా వస్తుంది, పోతుంది. మధ్యలో మనవరాలి మాటకు నవ్వు కూడా వస్తుంది. కుంగుబాటు అలా కాదు, మబ్బు పట్టిన ఆకాశంలా రోజంతా కదలదు. "ఆయన లేరు" అని ఏడిచే మనిషిని చూసి నేను అంతగా కంగారుపడను. "నేను ఎందుకూ పనికిరాను, అందరికీ భారం" అనే మనిషిని చూసి కంగారుపడతాను. మీ అమ్మగారి మాట రెండో రకంలా వినిపిస్తోంది.

ఇంకో సంగతి. మన పెద్దవాళ్ళు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. నీరసం, ఒళ్ళు నొప్పులు, తల దిమ్ము, కడుపులో మంట, గుండె దడ అంటారు. గుండె డాక్టరు ఈసీజీ తీస్తాడు, కడుపు డాక్టరు ఎండోస్కోపీ చేస్తాడు, ఆఖరికి ఒకరు నరాల బలహీనత అని బలం ఇంజక్షన్ ఇస్తారు. మనసు గురించి అడిగేవాడి దగ్గరికి వచ్చేసరికి ఏడాది గడిచిపోతుంది.

దిగులా, డిమెన్షియానా అన్నది విడదీయడానికి నేను పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి అడుగుతాను. ఈ ఏడు ఆవకాయ పెట్టారా? జవాబులు రెండు రకాలుగా వస్తాయి. "పెట్టాలనిపించలేదండీ, ఎవరు తింటారు, ఎవరి కోసం" అన్నది ఒకటి. "పెట్టారండీ, కాని ఉప్పు రెండుసార్లు వేశారు, ఆవపిండి వేయడం మరిచిపోయారు, నలభై ఏళ్ళుగా పెడుతున్న మనిషి పాళ్ళు అడిగారు" అన్నది రెండోది. మొదటి మనిషిలో కోరిక చచ్చిపోయింది, పని తెలుసు. రెండో మనిషిలో కోరిక ఉంది, పని జారిపోతోంది. మొదటిది దిగులు వైపు, రెండోది డిమెన్షియా వైపు మొగ్గుతుంది. ఆవకాయ అలవాటు లేని ఇళ్ళలో పాల లెక్క, చీటీ డబ్బులు, ముగ్గు, గ్యాస్ బుకింగ్ గురించి అడుగుతాను. లెక్కల టీచరు విషయంలో ఇది ఇంకా సులువు. పెన్షను వచ్చాక ఖర్చుల లెక్క రాసుకునే అలవాటు ఉంటే ఆ పుస్తకం తెప్పించి చూడండి. రాయడం ఆగిపోయిందా, రాసినదాంట్లో కూడికలు తప్పుతున్నాయా?

రెండో ఆధారం, మతిమరుపు గురించి ఫిర్యాదు ఎవరు చేస్తున్నారన్నది. దిగులు ఉన్న మనిషి తన మతిమరుపును తానే పెద్దది చేసి చెబుతుంది. అల్జీమర్స్ ముదురుతున్న మనిషి "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది, పక్కన కూతురు తల అడ్డంగా ఊపుతుంది. పరీక్షలో కూడా అంతే. ఈరోజు ఏ వారం అని అడిగితే దిగులు ఉన్నవారు "తెలియదు, నన్ను అడగకండి" అని వదిలేస్తారు. కొంచెం ఓపికపట్టి ప్రోత్సహిస్తే సరైన జవాబే చెబుతారు. డిమెన్షియా ఉన్నవారు తప్పు జవాబును ధీమాగా చెబుతారు, లేదా "ఇంట్లో ఉన్నవాళ్ళకు వారాలతో పనేముంది బాబూ" అని నవ్వుతూ తప్పించుకుంటారు. దిగులు ఫలానా నెలలో మొదలైందని ఇంట్లోవాళ్ళు వేలు పెట్టి చూపగలరు. డిమెన్షియా ఎప్పుడు మొదలైందో అన్నదమ్ములు ముగ్గురు మూడు తేదీలు చెబుతారు. మీరు చెప్పినవాటిలో తన మతిమరుపు గురించి ఆవిడే చెప్పడం, ఆరేడు నెలలని మీరు స్పష్టంగా గుర్తుపట్టగలగడం దిగులు వైపే చూపుతున్నాయి. పాలు పొంగిపోవడం మాత్రం ఏ వైపూ చూపదు. దిగులులో ధ్యాస ఉండదు, ధ్యాస లేనిది జ్ఞాపకంలోకి వెళ్ళనే వెళ్ళదు.

అయితే ఇవన్నీ మొగ్గు చూపే గుర్తులే. తీర్పులు కావు. కుంగుబాటు వల్ల వచ్చే మతిమరుపును ఒకప్పుడు నకిలీ డిమెన్షియా అనేవారు. వృత్తిలో కొత్తగా ఉన్నప్పుడు నాకు ఆ మాట భలే నచ్చేది. ఒక విశ్రాంత తహసీల్దారు గారికి మూడు నెలల మందులతో దిగులు తగ్గింది, జ్ఞాపకం తిరిగి వచ్చింది. కుటుంబానికి మిఠాయిలు పంచినంత ఉత్సాహంగా, "చూశారా, డిమెన్షియా కానే కాదు" అని చెప్పి పంపించాను. మళ్ళీ రమ్మని చెప్పలేదు. మూడేళ్ళ తరవాత తిరిగి వచ్చారు, తన వీధి తాను గుర్తుపట్టలేని స్థితిలో. నా మొదటి నిర్ధారణ తప్పు కాదు, దిగులు నిజంగానే ఉంది, నిజంగానే తగ్గింది. తప్పంతా మళ్ళీ రమ్మని చెప్పకపోవడంలో ఉంది. దిగులు వల్ల వచ్చిన మతిమరుపు చికిత్సతో పూర్తిగా తగ్గినా, అలాంటివారిలో కొందరికి తరవాతి ఏళ్ళలో అసలు జబ్బు బయటపడుతుంది. నకిలీ అన్న మాట వాడడం అప్పుడే మానేశాను.

ఇంట్లోవాళ్ళు సాధారణంగా పొరబడే మూడో స్థితి కూడా ఉంది, నిరాసక్తత. బయటికి దిగులులాగే కనబడుతుంది. మనిషి కదలడు, మాట్లాడడు, సీరియల్ కూడా చూడడు. కాని బాధ ఉండదు. అడిగితే "బాగానే ఉన్నాను" అంటాడు, నిజంగానే బాగానే ఉన్నాననుకుంటాడు. బాధపడేది చుట్టూ ఉన్నవాళ్ళు. ఇది డిమెన్షియాలో చాలా సాధారణం, దిగులు మందులతో పెద్దగా తగ్గదు. అమ్మగారు బాధపడుతున్నారు కాబట్టి ఇది కాదనుకుంటున్నాను.

ఇక చేయాల్సినవి. అన్నిటికన్నా ముందు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక బల్ల మీద పరిచి ఫోనులో ఫోటో తీసి పంపమని ఎవరినైనా అడగండి. వృద్ధుల మతిమరుపుకు కారణం సగం సార్లు మందుల డబ్బాలోనే దొరుకుతుందంటే మా జూనియర్లు నవ్వుతారు, సగం అన్నది నా అతిశయోక్తే, కాని తరచుగా దొరుకుతుందన్నది నిజం. ఆల్‌ప్రాజోలామ్, క్లోనజెపామ్ లాంటి నిద్రమాత్రలు ఈ వయసులో జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి, రాత్రి లేచినప్పుడు పడేస్తాయి. అయితే కొన్ని వారాలుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పిన వరుసలో కొద్దికొద్దిగా తగ్గించాలి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, నొప్పులకో నిద్రకో రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడం లేదని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ కూడా మెదడులో జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి.

తరవాత రక్తపరీక్షలు: థైరాయిడ్, బీ12, సోడియం, హిమోగ్లోబిన్, షుగరు, మూత్రపిండాల పనితీరు. శాకాహారులై, పైగా షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బీ12 తగ్గే అవకాశం బాగా ఉంటుంది. అది తగ్గితే దిగులూ మతిమరుపూ జంటగా వస్తాయి. బీపీకి ఇచ్చే కొన్ని మూత్రం మాత్రలు సోడియంను పడగొడతాయి. ఈ మధ్య బాత్రూములో జారిపడ్డారా అని కూడా అడగండి. తలకు చిన్న దెబ్బ తగిలినా, వారాల తరవాత మెదడు పైపొర కింద రక్తం చేరి మనిషి మందకొడిగా మారడం నేను చాలాసార్లు చూశాను. స్కానింగ్ ఒకసారి తీయించడం సమంజసం.

చెవి సంగతి అన్నాను కదా. పొడిపొడిగా మాట్లాడుతున్నారంటే ఫోనులో సరిగా వినబడక కూడా కావచ్చు. వినబడని మనిషి మొదట సంభాషణ నుంచి, తరవాత పేరంటాల నుంచి తప్పుకుంటుంది. వినికిడి యంత్రం మేధాశక్తి తగ్గడాన్ని ఆపుతుందా అని అమెరికాలో 977 మంది మీద చేసిన పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. అందరినీ కలిపి చూస్తే తేడా లేదు, కాని ముందే ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మూడేళ్ళలో మేధాశక్తి తగ్గే వేగం 48 శాతం తక్కువైంది.

జ్ఞాపక పరీక్ష గురించి ఒక హెచ్చరిక. చదువుకున్నవారికి, ముఖ్యంగా టీచర్లకు, ముప్పై మార్కుల మామూలు పరీక్షలో జబ్బు మొదలయ్యాక కూడా మంచి మార్కులే రావచ్చు. వందలోంచి ఏడు తీసివేస్తూ పొమ్మంటే లెక్కల టీచరు నిద్రలో కూడా చెబుతుంది. ఏళ్ళ చదువు, పని మెదడులో పోగుచేసిన నిల్వ అది. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి జబ్బు లక్షణాలు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్ళనివారిలో కూడా ఈ తేడా కనబడింది. నిల్వ మంచిదే, కాని పరీక్ష చేసేవాడి కళ్ళు కప్పుతుంది. అందుకే పై చదువు ఉన్నవారికి వివరమైన పరీక్ష, తెలుగులో చేయించాలి. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేసిన పరీక్షల సంపుటి తెలుగులో కూడా ఉంది. దిగులుకు పదిహేను ప్రశ్నల వృద్ధుల కుంగుబాటు కొలమానం ఉంది, పది నిమిషాల పని. రెండూ ఒకేరోజు చేసి మార్కులు కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం విలువ ఆరు నెలల తరవాత తెలుస్తుంది.

మందుల భయం గురించి. పాతకాలపు దిగులు మందుల్లో కొన్ని, పైన చెప్పిన అమిట్రిప్టిలిన్ లాంటివి, జ్ఞాపకానికి మంచివి కావు. ఇప్పుడు వృద్ధులకు ముందుగా రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, మిర్టాజపిన్ ఆ కోవకు చెందవు. వీటితోనూ జాగ్రత్త ఉంది. మొదటి రెండూ ఈ వయసులో సోడియంను తగ్గించవచ్చు కాబట్టి మొదలుపెట్టిన కొన్ని వారాల్లో రక్తపరీక్ష చేయాలి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. ఫలితం కనబడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరు పెద్దవాళ్ళలో ఇంకా ఎక్కువ పడుతుంది. పదో రోజున "ఏం ప్రయోజనం లేదు" అని ఆపేసేవాళ్ళే నాకు ఎక్కువగా తగులుతారు.

దిగులుకు చికిత్స చేస్తే డిమెన్షియా ఆగుతుందా అని అడిగారు. ఆగుతుందని మాట ఇవ్వలేను. ఇంగ్లండ్‌లో మాటల చికిత్స పొందిన 65 దాటిన లక్షా పంతొమ్మిది వేల మందికి పైగా రికార్డులు చూస్తే, దిగులు నిజంగా తగ్గినవారిలో తరవాత డిమెన్షియా 12 శాతం తక్కువగా కనబడింది. చికిత్స కాపాడిందా, లేక లోపల జబ్బు లేనివారికే చికిత్స బాగా పనిచేసిందా అన్నది ఆ లెక్క తేల్చలేదు. రెండోదే నిజమైనా అది మనకు పనికొచ్చే సమాచారమే. సరైన చికిత్సకు కూడా లొంగని కొత్త దిగులును చూస్తే నేను స్కానింగ్ మళ్ళీ తీయిస్తాను.

ఇంకో కారణం వల్ల కూడా ఆలస్యం చేయవద్దంటాను. డిమెన్షియా స్థిరపడిపోయాక దిగులు మందులు అంతగా పనిచేయవు. ఇంగ్లండ్‌లో అల్జీమర్స్‌తో పాటు కుంగుబాటు ఉన్న 326 మందికి సెర్ట్రలిన్, మిర్టాజపిన్, మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. మూడింటికీ తేడా లేదు. అమ్మగారి వయసులో, ఈ దశలో ఆ అవకాశం ఇంకా చేతిలో ఉంది.

మాత్ర ఒక్కటే సరిపోదు. మన దేశంలో నాకు బాగా నచ్చిన పరిశోధన గోవాలో జరిగింది. కుంగుబాటు అంచున ఉన్న 60 దాటిన 181 మందిని తీసుకున్నారు. సగం మందితో, డాక్టర్లు కాని మామూలు స్థానికులు శిక్షణ తీసుకుని, ఇంటికి వెళ్ళి మాట్లాడారు. సమస్యను చిన్న ముక్కలుగా చేసి ఒక్కోటి పరిష్కరించుకోవడం, నిద్ర అలవాట్లు సరిచేసుకోవడం, షుగరు బీపీ చూసుకోవడం, రావలసిన పథకాలు ఇప్పించడం నేర్పారు. ఏడాదిలో వాళ్ళలో 4.4 శాతం మంది పూర్తి కుంగుబాటులోకి జారారు, మామూలు పద్ధతిలో వదిలేసినవారిలో 14.4 శాతం మంది. కాకినాడలో మీ అమ్మగారికి ఆ పని ఎవరు చేయగలరో మీరే ఆలోచించండి. పాత విద్యార్థి ఒకరు ఉండకపోరు. పక్కింటి పదో తరగతి పిల్లకు సాయంత్రం లెక్కలు చెప్పమని అడిగి చూడండి. భజన మండలికి వెళ్ళమ్మా అని చెప్పడం కన్నా ఇది మెరుగు, ఎందుకంటే అక్కడ ఆవిడ ఒక మూల కూర్చుంటారు, ఇక్కడ ఆవిడ అవసరం ఒకరికి ఉంటుంది.

అడగడానికి కష్టమైనదే అయినా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. "దేవుడు తీసుకుపోతే బాగుండు" అని మన పెద్దవాళ్ళు మామూలుగానే అంటారు. అది ఊతపదమో, నిజమో తెలుసుకోవాలంటే సూటిగా అడగాలి: "అమ్మా, నీ అంతట నువ్వు ఏదైనా చేసుకోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునన్నా, మాట దాటేసినా ఆ రాత్రి ఆవిడ ఒంటరిగా ఉండకూడదు. నిద్రమాత్రల డబ్బా ఇంకొకరి దగ్గర ఉండాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 ఉంది.

అమెరికా తీసుకువెళ్ళడం గురించి నా అభిప్రాయం చెబుతాను, నచ్చకపోవచ్చు. ఇప్పుడే వద్దు. ఈ స్థితిలో ఉన్నవాళ్ళు సరిగ్గా ఉండాలంటే తెలిసిన ఇల్లు, తెలిసిన వీధి, తెలిసిన కూరగాయల బండి కావాలి. డల్లాస్ శివార్లలో మీరిద్దరూ ఉద్యోగానికి వెళ్ళాక, కారు నడపలేని మనిషి రోజుకు తొమ్మిది గంటలు ఎవరూ లేని ఇంట్లో కూర్చుంటుంది. అప్పుడు దిగులు తగ్గిందో పెరిగిందో కూడా మీకు తెలియదు. ఒకవేళ డిమెన్షియా మొదలై ఉంటే కొత్త ఇంట్లో ఒక్కసారిగా గందరగోళం పెరుగుతుంది. పైగా సందర్శకుల బీమాలు సాధారణంగా ముందునుంచి ఉన్న జబ్బులను భరించవు. వీలైతే మీరే ఒక నెల సెలవు పెట్టి రండి. నిర్ధారణ జరిగి, చికిత్స ఒక దారిన పడి, ఆవిడ తనంతట తాను "వస్తానురా" అన్నాక తీసుకువెళ్ళండి.

ఎక్కడికి వెళ్ళాలని మీరు అడగలేదు కాని అడుగుతారని తెలుసు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పిచ్చి డాక్టరు అన్న మాట ఆవిడ నోట వస్తే, జ్ఞాపకశక్తి పరీక్షకు వెళుతున్నాం అని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు. నరాల వైద్యుడి దగ్గరకు మొదట వెళ్ళినా తప్పు లేదు, కాని దిగులు పరీక్ష చేయకుండా డిమెన్షియా మాత్ర రాస్తే కారణం అడగండి. తొలిసారి చూపించాక మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఇంకోసారి అవే పరీక్షలు మళ్ళీ చేయించండి. దిగులు మార్కులు తగ్గి జ్ఞాపకం మార్కులు పెరిగితే ఏడాదికోసారి చూపిస్తే చాలు. దిగులు తగ్గినా జ్ఞాపకం అక్కడే ఉంటే, లేక ఇంకా జారితే, ఇంట్లో ఎవరో పిల్లలు తిరుగుతున్నారని సాయంత్రం పూట అంటే, తెలిసిన దారి తప్పితే, ఏడాది ఆగకుండా వెంటనే తీసుకువెళ్ళండి.

ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు "ఎలా ఉన్నావమ్మా" అని అడగకండి, "బాగానే ఉన్నాను" అనే వస్తుంది. ఆవకాయ సంగతి అడగండి. ఆవిడ ఏం చెప్పారో, చెప్పిన మాటల్లోనే, ఒక కాగితం మీద రాసి ఉంచండి. డాక్టరుకు మొదట అదే చూపించండి.